నాలుగో వంతు నెత్తురు

ప్రపంచంలో ప్రొటీన్లను అతి వేగంగా చూడగల సంస్థ మన అడవి అంచునే వెలసిందన్న సంగతి పాఠకులకు ఆలస్యంగా తెలియజేస్తున్నందుకు చింతిస్తున్నాం. ఆలస్యానికి కారణం రోడ్డు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు వెళ్తుంటే అడవి చిక్కబడే చోట ఆ సంస్థ ఉంది. వార్త మోసుకొస్తున్న జీపు దారిలో ఒక గుంతలో దిగి, వానాకాలం ముగిశాక గానీ పైకి రాలేదు.

సంస్థ పేరు శ్రీ వెంకటకృష్ణ విజ్ఞాన పరిశోధనా మహాపీఠం. పేరు పెట్టినవారు, పెట్టించుకున్నవారు, ఆ పేరు గలవారు ఒక్కరే. ఛైర్మన్ వెంకటకృష్ణ గారి తండ్రిగారు కోస్తా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి పొగాకు వేశారు. వీరు మిర్చి వేశారు. కొన్నాళ్లకు మిర్చి వేయడం కంటే ఇతరులు వేసిన మిర్చిని చల్లగా దాచిపెట్టడం ఉత్తమమని గ్రహించి ఖమ్మంలో కోల్డ్ స్టోరేజీ కట్టారు. మిర్చిని దాచడం కంటే పిల్లల్ని దాచడం లాభసాటి అని తేలాక హాస్టళ్లతో కూడిన కాలేజీలు పెట్టారు. రెండింటికీ గాలి ఆడని గదులే కాబట్టి భవనాల నమూనా మార్చాల్సిన అవసరం రాలేదు.

కాలేజీ యూనివర్సిటీ కావాలంటే పరిశోధన ఉండాలని ఎవరో సలహా ఇచ్చారు. పరిశోధన ఎంత ఎత్తుంటుందని ఛైర్మన్ గారు అడిగారు. సలహాదారు ఒక రంగుల పుస్తకంలో తెల్లటి పీపా బొమ్మ చూపించాడు. మనిషి కంటే ఎత్తు, మూడు కాళ్లు, మెట్లెక్కి పైనుంచి లోపలికి చూడాలి. న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ యంత్రం. లోపలి అయస్కాంతాన్ని ద్రవ హీలియంలో ముంచి, సున్నాకు రెండు వందల అరవై తొమ్మిది డిగ్రీల కింద ఉంచాలని సలహాదారు భయపడుతూ చెప్పాడు.

"మిర్చికి నాలుగు డిగ్రీలు పెడతాం. దీనికి ఇంకాస్త తగ్గిద్దాం. చలి మనకు కొత్తా?" అన్నారు ఛైర్మన్ గారు.

యంత్రం లారీలో వస్తుండగా దాని మీద న్యూక్లియర్ అన్న మాట చదివి దారిపొడవునా కొంత కలకలం రేగింది. అణు విద్యుత్తు కేంద్రం వస్తోందని ఒక పక్షం ధర్నా చేసింది. వస్తే తమవాళ్లకే ఉద్యోగాలివ్వాలని ఇంకో పక్షం చేసింది. న్యూక్లియర్ అంటే ఇక్కడ పరమాణువు నడిమి కేంద్రకం మాత్రమేనని, అందులో పేలేదేమీ లేదని తెలియగానే ఇరుపక్షాలూ తమను మోసం చేశారని సంయుక్తంగా ధర్నా చేశాయి.

యంత్రంతోపాటు దాన్ని నడిపే మనిషి కూడా ఉండాలని సరఫరాదారు పట్టుబట్టడంతో డాక్టర్ వనజను తీసుకున్నారు. వనజది దుమ్ముగూడెం. తల్లి అక్కడి దవాఖానాలో నర్సు. అడవి ఊళ్ల నుంచి తండ్రుల భుజాల మీద వచ్చే పిల్లల్ని, కీళ్లు పట్టుకుని రాత్రంతా అరిచే పిల్లల్ని చూస్తూ పెరిగింది. వాళ్ల నెత్తురులోని ఎర్రకణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయని, సికిల్ సెల్ అనే ఆ జబ్బుకు మూలం హీమోగ్లోబిన్ అనే ఒక్క ప్రొటీన్‌లోని చిన్న తేడా అని తర్వాత హైదరాబాదులో చదువుకుంది. ఆ ప్రొటీన్‌కు ఏ మందు అణువు ఎక్కడ అతుక్కుంటుందో చూడడమే పనిగా పెట్టుకుంది. బెంగళూరులో మంచి ఉద్యోగం వదిలేసి, అడవి పక్కనే యంత్రం దొరికిందన్న సంతోషంతో తిరిగి వచ్చింది. ఈ కథలో తెలిసి చేసిన తెలివితక్కువ పని ఇదొక్కటే.

ఆమెకు పేరు తెచ్చింది వేగం. ప్రొటీన్‌ను నీళ్లలో కలిపి, వేలి సందులో పట్టేంత గాజు గొట్టంలో పోసి అయస్కాంతం కడుపులోకి దించుతారు. రేడియో తరంగాలతో దాని కేంద్రకాలను తట్టి, అవి ఏమని బదులిస్తాయో వింటారు. పాత పద్ధతిలో స్పెక్ట్రం అనే కొలత పటంలో ఒక్క బిందువు కూడా వదలకుండా వరసగా తట్టాలి. రోజులు పడుతుంది. ఈలోపు ప్రొటీన్ పాడైపోతుంది. వనజ పద్ధతిలో నాలుగో వంతు బిందువులే, అదీ చెదురుమదురుగా ఎంచి తట్టి, మిగతావాటిని గణితంతో తిరిగి కట్టవచ్చు. రోజుల పని గంటల్లోకి వచ్చింది. ఇందుకో షరతు ఉంది. కొలిచే పటంలో ఎక్కువ భాగం ఖాళీగా ఉండి, అక్కడక్కడ మాత్రమే శిఖరాలుండాలి. ఎంచే బిందువులు మన సౌకర్యం చూసుకుని ఎంచకూడదు. కట్టినదాన్ని పూర్తి కొలతతో సరిచూసుకోవాలి. ఈ షరతును ఆమె ప్రతి ఉపన్యాసంలోనూ చెప్పింది. ప్రతి ఉపన్యాసంలోనూ సరిగ్గా ఆ సమయానికే టీ వచ్చింది.

ప్రారంభోత్సవం మహా ఘనంగా జరిగింది. పురోహితుడు మెట్లెక్కి, ఇనుప గరిటెలో నిప్పులు వేసి అయస్కాంతం నోటి దగ్గర సాంబ్రాణి పట్టబోయాడు. ఇనుము దగ్గరికి తేవద్దని వనజ కింది నుంచి అరుస్తూనే ఉంది. గరిటె ఆయన చేతిలోంచి ఎగిరి యంత్రానికి అతుక్కుపోయింది. నిప్పులు ముఖ్య అతిథి శాలువా మీద పడ్డాయి. "యంత్రం తానే చెయ్యి చాచి ధూపం అందుకుంది!" అని ఛైర్మన్ గారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి కూడా కాలుతూనే చప్పట్లు కొట్టారు. మరుసటి వారం నుంచి కీళ్లనొప్పులున్నవారికి యంత్రం చుట్టూ ప్రదక్షిణలకు అనుమతి లభించింది. పర్ణశాల చూసి వచ్చే బస్సులు ఇక్కడా ఆగడం మొదలైంది.

ప్రారంభోత్సవం నాటి సాయంత్రమే ఛైర్మన్ గారు వనజ పద్ధతి గురించి ఆరా తీశారు. వినగానే వారి ముఖం వెలిగింది.

"అంటే నాలుగో వంతు చూసి మొత్తం చెప్పేయొచ్చు?"

"ప్రొటీన్ విషయంలో చెప్పొచ్చు సార్. అదీ ఒక షరతు మీద..."

"ఇన్నేళ్లు ఈ ముక్క మాకెవరూ చెప్పలేదేంటమ్మా?" అంటూ వారు అప్పటికే లేచారు.

మహాపీఠంలో వేగయుగం అలా మొదలైంది. సిలబస్‌లో నాలుగో వంతు చెప్పి మిగతాది విద్యార్థి తిరిగి కట్టుకోవాలన్నారు. అధ్యాపకుల్లో నాలుగో వంతును ఉంచి, పోయినవారి పాఠాలను ఉన్నవారి ముఖకవళికల నుంచి గ్రహించమన్నారు. జవాబు పత్రాల్లో నాలుగో వంతు దిద్ది, మిగతా వాటికి పక్కవారి మార్కులను బట్టి మార్కులు కట్టారు. హాస్టల్ పప్పులో పప్పు ఏనాడూ అంతకు మించి లేదు కాబట్టి వంటశాలలో సంస్కరణ అవసరం కాలేదు. తల్లిదండ్రులు ఆందోళన చెందుతారని కొందరు భయపడ్డారు. తల్లిదండ్రులు వచ్చారు, ర్యాంకులు తగ్గుతాయా అని అడిగారు, తగ్గవని చెప్పగానే వెళ్లిపోయారు. చదువు తగ్గుతుందా అని ఎవరూ అడగలేదు. మన జిల్లా తల్లిదండ్రుల విచక్షణకు ఇది నిదర్శనం.

ఆ యేడు అడవి మండలంలో సికిల్ సెల్ పరీక్షలు చేసే బాధ్యత మహాపీఠానికి దక్కింది. ఎలా దక్కిందో అడగకండి, మేమూ అడగలేదు. ఊరూరా తిరిగి ప్రతి మనిషి వేలికొస నుంచి ఒక బొట్టు నెత్తురు తీసి చూడాలి. జబ్బున్నవారికి కార్డు ఇస్తే దవాఖానాలో మాత్రలు, సెలైన్, అవసరమైతే నెత్తురు ఉచితంగా దొరుకుతాయి. ఈ పనిని మహాపీఠం సమన్వయాధికారి జైరాంకు అప్పగించారు. జైరాం చురుకైనవాడు. పనిని చూడగానే అందులో ఏ నాలుగో వంతు సుఖమైనదో పసిగట్టగలడు.

అతను తారురోడ్డు పక్కనున్న ఊళ్లను ఎంచుకున్నాడు. అక్కడ కూడా కారు దిగిన చోటుకు దగ్గరగా ఉన్న కొట్లవాళ్లనూ మిల్లువాళ్లనూ పరీక్షించాడు. వాళ్లలో చాలామంది బయటి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, ఆ జబ్బు సాధారణంగా కనబడని కుటుంబాలు. ఒక్కరికీ లేదని తేలింది. వాగులు దాటి, గుట్టలెక్కి వెళ్లాల్సిన గూడేలను కంప్యూటరు తిరిగి కట్టింది. వాళ్లకూ లేదని తేలింది. ప్రతి గూడేనికీ, ప్రతి మనిషికీ, సూది మొహం చూడనివారికి సైతం, పచ్చరంగు అట్ట మీద ‘ఆరోగ్యవంతులు’ అని అచ్చువేసి పంపిణీ చేశారు. మండలం సికిల్ రహితమైంది. కొన్ని తరాలుగా పోని జబ్బు పదిహేను రోజుల్లో పోయింది. ఇంత వేగం వైద్యచరిత్రలో లేదని ఢిల్లీలో ఒక సంస్థ బిరుదు ప్రకటించింది.

నివేదిక మొదటి పేజీలో పద్ధతి రూపకర్తగా తన పేరు చూసుకున్నాక వనజ నివేదిక చేత పట్టుకుని లేచింది. ఛైర్మన్ గారి గదికి వెళ్లింది.

"సార్, ఇది మనుషులకు పనికిరాదు. స్పెక్ట్రంలో ఎక్కువ భాగం ఖాళీ. అందుకే నాలుగో వంతు కొలిస్తే సరిపోతుంది. ఊళ్లు ఖాళీ కావు కదా!"

"ఆ ఊళ్లకు నేనోసారి వెళ్లానమ్మా. ఖాళీగానే ఉన్నాయి."

"బీడీల తునికాకు కోయడానికి పోయుంటారు సార్."

"మరి, మనం వెళ్లినప్పుడు లేనివాళ్లను ఎలా కొలుస్తాం? నువ్వే చెప్పు." వారి గొంతులో నిజమైన జాలి ఉంది. "నీది గొప్ప బుర్ర అమ్మాయ్. కానీ నీ బుర్ర విలువ నీకు తెలీదు. నువ్వు ప్రొటీన్ల దగ్గరే ఆగిపోయావు. నేను దాన్ని ప్రజల్లోకి తీసుకెళ్లాను."

వనజ అభ్యంతరాన్ని వివరంగా రాసి ఇచ్చింది. యాజమాన్యం నుంచి మర్నాడే బదులు వచ్చింది. ‘మీ లేఖలో నాలుగో వంతు చదివాము. మిగతాది తిరిగి కట్టుకున్నాము. మీ అభినందనలకు ధన్యవాదాలు.’

ఉద్యోగం మానేద్దామని అనుకుంది. కానీ గాజు గొట్టంలో హీమోగ్లోబిన్ ఉంది. ఒక మందు అణువు దాని సందులో ఒదిగి కూర్చుంటున్న జాడలు అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి. ఇంకొన్ని నెలలు యంత్రం దగ్గర ఉంటే తేలిపోయేది. నోరు మూసుకుని పని చేసుకోవడం కూడా ఒక రకం సేవే అని తనకు తాను చెప్పుకుంది. చదువుకున్నవాళ్లు తమకు తాము ఏదైనా చెప్పుకోగలరు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం మహాపీఠం గేటు దగ్గరికి ఒక ఆటో వచ్చింది. వాగు అవతలి గూడెంలో ఉండే పగిడయ్య తన బిడ్డ ఆదెమ్మను అందులోంచి రెండు చేతుల మీద దించాడు. ఆదెమ్మకు ఇరవై ఏళ్లుంటాయి. పొద్దున్నుంచి ఎండలో తునికాకు కోస్తూ నీళ్లు సరిగా తాగక కుప్పకూలింది. ముందు మండల దవాఖానాకు తీసుకెళ్లాడు. అక్కడ కార్డు అడిగారు. చూపించాడు. ఆరోగ్యవంతురాలని ఉన్నందున ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అయస్కాంతం నొప్పులు లాగేస్తుందని ఎవరో చెబితే ఇటు వచ్చాడు.

గేటు దగ్గరే జైరాం ఎదురయ్యాడు. కార్డు తిప్పి చూసి, ఆదెమ్మను చూసి, మళ్లీ కార్డునే చూశాడు.

"మంచిగనే ఉన్నదని రాసుంది గదా!"

"రాసుంది సారూ. మంచిగ మాత్రం లేదు. కాళ్లు చేతులు విరగ్గొడ్తున్నట్టు ఉన్నదంట."

"చూడు పగిడయ్యా, నీ బిడ్డకు జబ్బుంటే మా రిపోర్టు తప్పయితది. మా రిపోర్టుకు ఢిల్లీల అవార్డొచ్చింది. గంత పెద్దోళ్లు తప్పు చేస్తరా, నువ్వే ఆలోచించు."

పగిడయ్య నిజంగానే ఆలోచించాడు. ఆదెమ్మ అంతలోనే మోకాళ్లు పట్టుకుని అరిచింది. ఆ అరుపు వనజ గదిదాకా వినిపించింది. అది ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసిన అరుపు. పరిగెత్తుకుంటూ వచ్చింది.

వేలికొస నుంచి నెత్తురు తీసి మందునీటిలో కలిపింది. జబ్బు లేకుంటే తేటగా ఉండాల్సిన నీరు మసకబారింది. వెనక పెట్టిన గీతల కాగితం కనిపించకుండా పోయింది. వనజ ఇంకేం మాట్లాడకుండా తన కారు తీసింది. భద్రాచలం దవాఖానాలో సెలైన్ ఎక్కించి, నొప్పికి మందిచ్చి, మళ్లీ పరీక్ష చేసి సికిల్ సెల్ అని ఖాయం చేశారు. సాయంత్రానికి ఆదెమ్మ కళ్లు తెరిచి నీళ్లడిగింది.

వరండాలో పగిడయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "చిన్నోడికి గూడ గిట్లనే అయింది బిడ్డా," అన్నాడు. "శివ. చలికాలంల. జ్వరమొచ్చింది, రొమ్ముల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోయినం. వాని కార్డుల గూడ మంచిగున్నడనే ఉండె. ఇంటికి తీస్కపొమ్మన్నరు. తీస్కపోయినం." వనజ వైపు తిరిగి అడిగాడు: "కార్డు రాసేటోళ్లు మా ఊరికి రానే లేదు. మరి వానికి మంచిగున్నదని ఎట్ల తెలిసింది వాళ్లకు?"

ఎలా తెలిసిందో ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసింది వనజకే. లేచి వరండా చివరికి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

తర్వాత ఆమె చేసిన పని మహాపీఠం ప్రతిష్ఠకు ఎంతమాత్రం తగనిది. సెలవు పెట్టింది. తల్లి సాయంతో పరీక్ష సామాను సంపాదించి, పగిడయ్యను దారి చూపమని, వాగు అవతలి గూడేలకు బయల్దేరింది. ఉన్న ప్రతి మనిషినీ పరీక్షించింది. పొలానికి పోయినవాళ్లు వచ్చేదాకా కూర్చుంది. ఇప్పచెట్ల కిందికి, చేపలకు వెళ్లినవాళ్ల వెంట గోదావరి ఒడ్డుకు వెళ్లింది. తెలుగు రాని ముసలమ్మలకు, కోలుకుని వెంట వచ్చిన ఆదెమ్మ కోయ భాషలో చెప్పింది. వేగానికి పేరుపొందిన శాస్త్రవేత్త నత్తలా పనిచేసింది. దాదాపు ప్రతి గూడెంలోనూ మసకబారిన నీళ్లే. వేలు చాచినవాళ్లు భయపడలేదు. ఇన్నాళ్లకు ఒకరు వచ్చి అడిగారని సంబరపడ్డారు. అదే ఆమెను ఎక్కువగా కుంగదీసింది.

దొరికినవారందరికీ కార్డులు మార్చమని కోరుతూ పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి మర్యాదస్థుడు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చిక్కు ఎక్కడుందో విడమరచి చెప్పాడు. మండలం సికిల్ రహితమని ప్రకటించడం జరిగింది. రహితమైన మండలంలో రోగి ఉండే వీల్లేదు. ఉన్నాడంటే అతను ఆ మండలం వాడు కాదు. కాబట్టి వీళ్లంతా నివాసం మార్చుకుని, జబ్బు గుర్తింపు ఉన్న పక్క మండలానికి వెళ్తే తక్షణం కార్డులిస్తారు.

"చనిపోయినవాడి సంగతేంటండి?" అని వనజ అడిగింది.

"అతను జబ్బు లేకుండానే పోయాడు కదమ్మా," అని అధికారి ఓదార్చాడు.

ఈలోగా మహాపీఠంలో వేగం హీలియం దాకా చేరింది. అయస్కాంతానికి ఎప్పటికప్పుడు పోయాల్సిన ద్రవంలో నాలుగో వంతు పోసి, మిగతాది ఉన్నట్టే భావించాలని యాజమాన్యం తీర్మానించింది. అయస్కాంతం భావించలేకపోయింది. ఒక ఉదయం పెద్ద గర్జనతో ఉన్న హీలియమంతా ఒక్కసారిగా ఆవిరై, తెల్లటి పొగమంచులా భవనం నిండా కమ్ముకుంది. కాపలావాళ్లు బయటికి పరిగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. ఛైర్మన్ గారు కిటికీ అవతల నిలబడి, ఆ మంచు నేపథ్యంలో ఫొటో దిగారు. అయస్కాంతం చచ్చిపోయింది. కొలతకు వనజ కొత్తగా సిద్ధం చేసిన హీమోగ్లోబిన్ గొట్టంలోనే రెండు రోజుల్లో చెడిపోయింది. మందు అణువు ఎక్కడ కూర్చుందో అలాగే తేలకుండా పోయింది.

ఇందువల్ల మహాపీఠానికి నష్టమేమీ జరగలేదు. పనిచేయని యంత్రం ప్రొటీన్‌ను చూడడానికి తీసుకునే సమయం సున్నా. అంతకు మించిన వేగం ఎక్కడా సాధ్యం కాదు. ప్రవేశాలు రెట్టింపయ్యాయి.

ఢిల్లీ బిరుదును పురస్కరించుకుని ఖమ్మంలో సన్మానసభ పెట్టారు. డాక్టర్లు, మిర్చి కమిషన్ వ్యాపారులు, కోచింగ్ కాలేజీల యజమానులు, విద్యార్థుల తల్లిదండ్రులు హాలంతా నిండారు. పాఠకుల్లో చాలామంది అక్కడే ఉన్నారు, మేం చూశాం. వేదిక శోభ కోసం గిరిజనులు కావాలనుకుని జైరాం వాగు అవతలికి బస్సు పంపాడు. పరీక్షల అప్పుడు బస్సు వెళ్లలేని దారిలో ఆ రోజు బస్సు వెళ్లింది. అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని ఆడే కోయ నృత్యానికి కావలసిన కొమ్ములూ డోళ్లూ ఎక్కించుకున్నారు. పగిడయ్య, ఆదెమ్మ కూడా వచ్చారు. వనజను వేదిక మీద మూడో కుర్చీలో కూర్చోబెట్టారు.

ఛైర్మన్ గారి ప్రసంగం చిరస్మరణీయం. "సోదర సోదరీమణులారా! అడవిబిడ్డల నెత్తురులోని మచ్చను మేము తుడిచేశాం! సూది గుచ్చకుండా, నొప్పి పుట్టకుండా, వారి గుమ్మం తొక్కకుండా తుడిచేశాం! సేవ అంటే ఎదుటివాడికి తెలియకుండా చేసేది!" హాలు లేచి నిలబడింది.

వనజ వంతు వచ్చింది. ఆమె మైకు ముందుకు వచ్చి, "నా పద్ధతి గురించి నేను చెప్పేది ఒక్కటే. దీన్ని మనుషుల మీద వాడారు. ఒకరి ప్రాణం పోయింది. మిగతాది ఆదెమ్మ చెబుతుంది," అని పక్కకు జరిగింది. జైరాం అడ్డు రాబోయాడు. గిరిజన యువతి మాట్లాడితే ఫొటో బాగుంటుందని ముఖ్య అతిథి సైగ చేయడంతో ఆగిపోయాడు.

ఆదెమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు జబ్బున్నది," అంది. "సికిల్ సెల్. మీ కార్డుల లేదని ఉన్నది. నా తమ్మునికి గూడ ఉన్నది. వాని కార్డుల గూడ లేదని ఉన్నది. వాడు చచ్చిపోయిండు. మా అయ్య వాన్ని దవాఖాన కాడికి మోస్కపోయిండు, కార్డు చూసి తోలిచ్చిన్రు. మా ఊర్ల ఎవ్వల వేలు ఎవ్వలు గుచ్చలే. అక్క వచ్చి గుచ్చింది. అందరికి చెప్పుకున్నం. మా జబ్బు మాకు రాసియ్యుండ్రి. గంతే. వేరేదేం అడుగుతలేం."

వనజ హాలు వైపు చూసింది. చప్పట్లు మొదలయ్యాయి. ఛైర్మన్ గారికి కొట్టిన వాటికంటే గట్టిగా, ఎక్కువసేపు కొట్టారు. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుని, "ఎంత చక్కగా మాట్లాడిందో పిల్ల, భయం లేకుండా!" అని పక్కావిడతో అంది. ఛైర్మన్ గారు స్వయంగా వచ్చి ఆదెమ్మకు శాలువా కప్పారు. "చూశారా, మా మహాపీఠం అడవిబిడ్డలకు ఇచ్చిన ఆత్మవిశ్వాసం!" అన్నారు. మళ్లీ చప్పట్లు. ముఖ్య అతిథి గడియారం చూసుకుని, మైకు కట్టేయడం మరచి, "ఇంతకీ డాన్సు ఎప్పుడు?" అని అడిగారు.

ఆదెమ్మ శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. "మేం ఆడం," అంది. "ఇది మా పెండ్లి గాదు, పండుగ గాదు. పోదాం అయ్యా." పగిడయ్య లేచాడు. డోళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డవాళ్లు కూడా కొమ్ములూ డోళ్లూ అక్కడే దించేసి నడిచారు. వనజ వాళ్ల వెంట మెట్లు దిగింది. వాళ్లను తిరిగి దించడానికి బస్సు లేదని చెప్పారు. ఎర్రటి ఎండలో అంతా బస్టాండుకు నడిచారు.

కార్యక్రమానికి మాత్రం ఆటంకం కలగలేదు. కాలేజీ కుర్రాళ్లకు ఆ కొమ్ములు తగిలించి ఆడించారు. ఎలా ఆడాలో వాళ్లకు తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు కాబట్టి అద్భుతంగా కుదిరింది.

వనజ ఇప్పుడు దుమ్ముగూడెంలో తల్లి ఇంట్లో ఉంటూ, బండి మీద గూడేలు తిరుగుతోంది. యంత్రం దొరికే చోటు కోసం ఉత్తరాలు రాస్తోంది, ఇంకా దొరకలేదు. ఆదెమ్మ పక్క మండలంలో ఒక బంధువు చిరునామా మీద జబ్బుమనిషిగా గుర్తింపు పొందింది. మాత్రలు వాడుతోంది, ఈ వేసవి తునికాకు కోతకు పోలేదు, నొప్పులు తగ్గాయి. మాత్రల కోసం నెలకోసారి వాగు దాటి, ఉన్న ఊళ్లో లేనట్టు నటించి వస్తుంది.

కుర్రాళ్ల కొమ్ముల నృత్యం వీడియో చాలామందికి చేరింది. మన సంస్కృతి ఎంత గొప్పదో అంటూ దండం బొమ్మలతో మీరే మాకు పంపారు. ఆదెమ్మ మాట్లాడిన భాగాన్ని వనజ విడిగా పెట్టింది. అదీ మీకు వచ్చే ఉంటుంది. కొంచెం పెద్దదిగా ఉందని, తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టారు. చూడండి, మీకు వీలున్నప్పుడే. తొందరేం లేదు.